ఉద్దానం కిడ్నీ జబ్బు: ఊరివాళ్లమే సర్వే పెట్టుకుని నీళ్లు, రక్తం పరీక్ష చేయించాలంటే ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?

జీడితోట

అందరికీ నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలం. ఊళ్లో 420 ఇళ్లు, పెద్దవాళ్లు 1,200 మంది దాకా. డయాలసిస్‌కి వెళ్తున్నవాళ్లున్నారు, క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరిగి మందుల మీద ఉన్నవాళ్లు అంతకు మించి ఉన్నారు. ఇదివరకు రెండు మూడు బృందాలు వచ్చి రక్తం, నీళ్లు పట్టుకెళ్లాయి. ఏం తేలిందో ఊరికి ఎవరూ చెప్పలేదు. ఈసారి యువజన సంఘం, డ్వాక్రా సంఘాలు కలిసి పని మన చేతుల్లోనే ఉంచుకుందామని తీర్మానించాయి. ఒక యూనివర్సిటీ వాళ్లు తోడుంటామన్నారు.

ఊళ్లో 14 నూతులు, 9 బోర్లు ఉన్నాయి. ఇప్పుడు హిరమండలం నుంచి కుళాయి నీళ్లు వస్తున్నాయి. కొందరు క్యాన్ నీళ్లు కొంటారు. ముందు నీళ్లు పంపాలా, మనుషులకు పరీక్ష చేయించాలా? ఎంతమందికి చేయించాలి? నీళ్లలో ఏం చూడమని అడగాలి? యూనివర్సిటీతో కాగితం మీద ఏం రాసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కలపుస్తకం

జీడితోట గారూ, సీసాలకంటే ముందు నోటుపుస్తకాలు కొనండి. మొదటి పని ఇంటింటి జాబితా.

ఈ జబ్బు నిన్న తాగిన నీళ్ల వల్ల ఇవాళ వచ్చేది కాదు. క్రియాటినిన్ పెరిగి బయటపడేసరికే కిడ్నీల పని చాలావరకు పోయి ఉంటుంది. ఆ దెబ్బ ఎన్నో ఏళ్ల కిందట మొదలై ఉంటుంది. ఇప్పుడు మీ కుళాయిలో వచ్చేది వంశధార నీరు. దాన్ని ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టి చూసినా, ఇవాళ 50 ఏళ్లున్న మనిషి పాతికేళ్ల వయసులో ఏ నూతి నీళ్లు తాగాడో తెలియదు. కాబట్టి ప్రతి మనిషికీ నీటి చరిత్ర రాయాలి. "ఏ సంవత్సరం నుంచి" అని అడిగితే జవాబు రాదు. పెళ్లికి ముందా తర్వాతా, పెద్దపిల్ల పుట్టినప్పుడా, ఫైలిన్ (2013) ముందా, తిత్లీ (2018) తర్వాతా అని అడగండి. తుపాన్లు ఉద్దానంలో ఎవరూ మరిచిపోరు.

ఒక్కో కాలానికి ఒక్కో వరుస వేసి అందులో ఇవి రాయండి: ఏ నుయ్యి లేదా బోరు, రోజుకు ఎన్ని చెంబులు (మీ ఊరి చెంబు ఎన్ని మిల్లీలీటర్లో ముందే కొలిచి పెట్టుకోండి, అంబలి, గంజి కూడా లెక్కలోకే వస్తాయి), ఏం పని, ఎండలో ఎన్ని గంటలు, పురుగుమందు కొట్టేవాడా, కలిపేవాడా, ఒళ్లునొప్పులకు ఏ మాత్ర వారానికి ఎన్ని. మాత్ర పేరు తెలియదంటే ఖాళీ అట్ట తెచ్చి చూపించమనండి. నొప్పి మాత్రల సంగతి మొహమాటంతో తక్కువ చెప్తారు. అది వదిలేస్తే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

రెండు రకాల మనుషులు మీకు చాలా విలువైనవాళ్లు. ఒకరు, మెట్టినిల్లు మీ ఊరై పుట్టినిల్లు ఉద్దానం బయట ఉన్న ఆడవాళ్లు. రెండోవారు, చిన్నతనంలోనే వలసపోయి ఏళ్ల తరబడి బయట ఉండి వచ్చినవాళ్లు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు నీళ్లూ, తిండీ, పనీ, రక్తసంబంధమూ అన్నీ ఒకటే కాబట్టి ఏది కారణమో విడదీయడం కష్టం. ఈ ఇద్దరి దగ్గర ఆ ముడి కొంత విడుతుంది. వాళ్లను వేరే గుర్తుతో రాసుకోండి.

చనిపోయినవాళ్లనూ రాయాలి. గత అయిదేళ్లలో ప్రతి ఇంట్లో ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారు, డయాలసిస్ చేయించారా లేదా. బతికున్నవాళ్లనే లెక్కపెడితే జబ్బు తీవ్రంగా వచ్చి త్వరగా పోయినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. అప్పుడు ఎక్కువమందిని తీసుకుపోయిన వీధే ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎంతమందికి అన్నారు. జబ్బు 18 శాతం ఉంటుందనుకుని, 3 శాతం అటూ ఇటూ తేడాతో తెలుసుకోవాలంటే లెక్క ఇది: 1.96 × 1.96 × 0.18 × 0.82 ÷ (0.03 × 0.03) = సుమారు 630. చాలా ఊళ్ల నుంచి ఇళ్లు ఎంచి చేసే సర్వేలో ఒక ఊరివాళ్లంతా ఒకలాగే ఉంటారు కాబట్టి దాన్ని 1.5తో గుణించి 945 అనుకోండి. మీ ఊళ్లో పెద్దవాళ్లే 1,200. అందుకని ఎంపిక పెట్టుకోకుండా 18 ఏళ్లు దాటిన అందరికీ చేయించండి. మైకులో చెప్పి బడి ఆవరణలో క్యాంపు మాత్రం పెట్టొద్దు. క్యాంపుకి జబ్బున్నవాళ్లు, భయమున్నవాళ్లు వస్తారు. కూలికెళ్లిన మగవాళ్లు రారు. ఆ శాతం ఊరిది కాదు, క్యాంపుది. జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. రానివాళ్ల వయసు, పని, ఎందుకు రాలేదో కూడా రాయండి.

ఫలితాన్ని వేరే చోట్లతో పోల్చుకోవాలంటే పద్ధతి ఒకటే ఉండాలి. డిగ్రీ అని ఒక అంతర్జాతీయ సర్వే పద్ధతి ఉంది. అందులో షుగరు, బీపీ, మూత్రంలో ఎక్కువ ప్రోటీన్ ఉన్నవాళ్లను పక్కన పెట్టి, పనిచేసే వయసువాళ్లలో ఈజీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి లెక్కకట్టే కిడ్నీల వడకట్టే శక్తి) 60 కంటే తక్కువ ఎంతమందికో చూస్తారు. మీ యూనివర్సిటీవాళ్లను అదే వాడమనండి. ఇదే సర్వే టెక్కలి వైపో పాతపట్నం వైపో ఒక ఊళ్లో కూడా చేయాలి. పోలిక లేకపోతే మీ నూతిలో దొరికిన ప్రతిదీ దోషిలాగే కనబడుతుంది.

ఉద్దానంలో నీటిలోని సిలికా, ఫ్లోరైడ్, కాడ్మియం, సీసం, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నింటి మీదా అనుమానాలున్నాయి. ఇదే కారణమని ఇంకా తేలలేదు. ప్రశ్నపత్రంలో అన్నింటికీ చోటివ్వండి.

నీటిచుక్క

నీళ్ల సంగతి నేను చెప్తాను. పై మాటకు ఒక చేర్పు: వాడకం మానేసిన నూతుల్ని పూడ్చకముందే శాంపిల్ తీయండి. మీ పాత కాలానికి దగ్గరగా ఉన్న ఆనవాలు అవే.

ఒక్కో చోట మూడు సీసాలు పట్టాలి. మూడూ వేరు. ఇక్కడే అందరూ తప్పుతారు.

లోహాలకు 500 మిల్లీలీటర్ల గట్టి పాలిథీన్ సీసా. దాన్ని 10 శాతం నైట్రిక్ యాసిడ్‌తో ముందే కడిగించి తెచ్చుకోవాలి. నీళ్లు పట్టాక, లోహాల పరీక్షకని ప్రత్యేకంగా అమ్మే శుద్ధమైన నైట్రిక్ యాసిడ్ 1 మిల్లీలీటరు వేస్తే పీహెచ్ 2 కంటే దిగుతుంది. నీళ్లు కఠినంగా ఉంటే ఇంకొంచెం పడుతుంది. పీహెచ్ కాగితాన్ని సీసాలో ముంచకండి, మూతలోకి రెండు చుక్కలు వంపి అందులో చూడండి. యాసిడ్ వేయకపోతే సీసం, కాడ్మియం సీసా గోడకు అంటుకుపోయి రిపోర్టులో తక్కువ వస్తాయి. మామూలు యాసిడ్ వేస్తే దానిలోని మలినమే మీ నూతిలో ఉన్నట్టు వస్తుంది. యాసిడ్ పోసేవాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. పిల్లల చేత చేయించొద్దు.

రెండోది లీటరు ప్లాస్టిక్ సీసా, యాసిడ్ లేకుండా. ఫ్లోరైడ్, క్లోరైడ్, సల్ఫేట్, కాఠిన్యం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), సిలికా దీన్లోంచి చూస్తారు. గాజు సీసాలోంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది కాబట్టి దీనికి గాజు పనికిరాదు. నైట్రేట్ కూడా దీన్లోంచే చూడొచ్చు కానీ మంచులో పెట్టి 48 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి.

మూడోది పురుగుమందులకు, గోధుమరంగు గాజు సీసా, లీటరు, మూతకు టెఫ్లాన్ పొర. దీన్ని శాంపిల్ నీళ్లతో తొలవొద్దు, ఎందుకంటే కొన్ని మందులు గాజుకు అంటుకుని లెక్క పెరుగుతుంది. మంచుపెట్టెలో పెట్టి, 7 రోజుల్లోపు ల్యాబువాళ్లు మందును నీళ్ల నుంచి వేరుచేసేలా పంపండి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు మామూలు పురుగుమందుల ప్యాకేజీలో రాదు. దానికి వేరే పద్ధతి, వేరే బిల్లు. "అన్ని మందులూ చూశాం" అంటే ఏవేవో పేర్లు రాయించుకోండి.

బోరుకి పంపు 5 నుంచి 10 నిమిషాలు వదిలి, ఈసీ మీటరు (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూపేది) రీడింగు వరుసగా మూడుసార్లు ఒకేలా వచ్చాక పట్టండి. ఇంట్లో పైపులు, ఇత్తడి కుళాయిల నుంచి సీసం దిగుతోందేమో చూడాలంటే మాత్రం తిరగేసి చేయాలి: రాత్రంతా వాడకుండా ఉంచి, తెల్లవారి మొదట వచ్చే నీళ్లే పట్టాలి. రెండూ కలిపేసి ఒక సీసాలో పడితే దేనికీ కాకుండా పోతుంది.

ప్రతి పదింటికి ఒకటి జంట శాంపిల్ వేరే కోడ్‌తో పంపండి, ల్యాబుకు చెప్పొద్దు. రోజుకొకసారి డిస్టిల్డ్ వాటర్ పట్టుకెళ్లి, నూతి దగ్గరే మూత తీసి సీసాలోకి వంచి, మిగతావాటిలాగే యాసిడ్ వేసి పంపండి. దాన్లో సీసం వచ్చిందంటే అది మీ చేతుల నుంచో, సీసా నుంచో వచ్చింది. ఇదంతా రెండుసార్లు చేయాలి, మే నెలలో ఒకసారి, వానలయ్యాక నవంబరులో ఒకసారి.

ల్యాబును ఎంచేటప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: ఈ లోహం ఎంత తక్కువ వరకు మీకు కనబడుతుంది? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు, సీసం 0.01, ఆర్సెనిక్ 0.01. 0.01 దాకానే చూడగల ల్యాబు కాడ్మియం "కనబడలేదు" అని రాసిస్తే ఆ మాటకు విలువ లేదు. పరిమితిలో కనీసం మూడో వంతు వరకు చూడగలగాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ లాంటివి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చేయించుకోండి. డబ్బు లోహాలకు, మందులకు దాచుకోండి.

ఇంకో మాట. పరిమితి దాటలేదని ఊపిరి పీల్చుకోకండి. ఒంట్లోకి చేరేది గాఢత కాదు, మోతాదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగే మనిషికి 3 మిల్లీగ్రాములు చేరుతుంది. అదే 0.8 ఉన్న నీళ్లు ఎండలో కొబ్బరి దింపుతూ 5 లీటర్లు తాగే మనిషికి 4 చేరుతుంది. నీటి కాగితాన్నీ మనిషి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనేది ఇందుకే.

ల్యాబ్‌బెంచి

రక్తం తీసే సమయం గురించి గట్టిగా చెప్పాలి. ఉదయం 6 నుంచి 9 లోపు, పనికి వెళ్లకముందే తీయండి. ఎండలో పనిచేసి, చెమట పోసి, నీళ్లు తక్కువ తాగిన సాయంత్రం క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. ముందు రాత్రి మాంసం, చేప వద్దనండి, ఎండుచేప కూడా. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నవాళ్లను రెండు వారాలు ఆపండి. గర్భిణులను ఈ లెక్కలో కలపొద్దు.

5 మిల్లీలీటర్లు జెల్ ట్యూబులోకి. అరగంట కదపకుండా గడ్డకట్టనివ్వాలి, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు తిప్పాలి. పైన తేలిన సీరమ్ (రక్తకణాలు పోగా మిగిలే ద్రవం) రెండు చిన్న గొట్టాల్లోకి తీసి, ఒకటి ఆ రోజే ల్యాబుకు, ఇంకొకటి మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులోకి. ల్యాబు మాట మీద అనుమానం వస్తే రెండోదే సాక్ష్యం. కరెంటు పోయినా సెంట్రిఫ్యూజ్ తిరిగే ఏర్పాటు ముందు రోజే చూసుకోండి.

మొత్తం 1,200 శాంపిళ్లూ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. ఎంజైమ్ పద్ధతి కావాలని, అంతర్జాతీయ ఐడీఎంఎస్ ప్రమాణానికి సరిచూసినదై ఉండాలని అడగండి. పాత జాఫే పద్ధతిని షుగరు, కీటోన్లు, బిలిరుబిన్ అటూ ఇటూ లాగుతాయి. తేడా ఎంతంటారా? 50 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.2 అయితే, సీకేడీ-ఈపీఐ 2009 అనే సూత్రం లెక్కలో ఈజీఎఫ్‌ఆర్ 70. అదే 1.4 అని వస్తే 58. కేవలం 0.2 తేడాతో మనిషి గీతకు ఇటు నుంచి అటు పడిపోతాడు. రెండు ల్యాబుల్లో చేయించి, ఒక వీధి ఒకదానికి, ఇంకో వీధి ఇంకోదానికి పంపితే రెండో వీధిలోనే జబ్బున్నట్టు తేలుతుంది!

మూత్రంలో పట్టీ ముంచి ప్రోటీన్ లేదు కాబట్టి కిడ్నీ బాగుందని రాసి పంపేయడం ఉద్దానంలో జరగకూడని తప్పు. ఈ జబ్బు కిడ్నీలోని సన్నటి గొట్టాల్ని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ముందు దెబ్బతీస్తుంది. ప్రోటీన్ చాలాకాలం కొద్దిగానే పోతుంది, ఒక్కోసారి అసలు పోదు. క్రియాటినిన్ తప్పనిసరి. మూత్రం పొద్దున్నే మొదటిది తీసుకుని అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. బీపీ 5 నిమిషాలు కూర్చోబెట్టాక మూడుసార్లు చూసి, చివరి రెండింటి సగటు రాయండి. షుగరుకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష).

సన్నగా, కండ తక్కువగా ఉన్న కూలీలకు క్రియాటినిన్ సహజంగానే తక్కువ. వాళ్ల ఈజీఎఫ్‌ఆర్ నిజానికంటే బాగున్నట్టు వస్తుంది. డబ్బుంటే పదిమందిలో ఒకరికైనా కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్ష కూడా చేయించి పోల్చండి.

ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ, లేదా ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటినవాళ్లందరికీ మూడు నెలల తర్వాత మళ్లీ చేయాలి. రెండోసారి కూడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అని రాయాలి.

జీడితోట

లెక్కలపుస్తకం గారికి, నీటిచుక్క గారికి, ల్యాబ్‌బెంచి గారికి దండాలు. ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. మూడు సందేహాలు. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వమంటే జనం ఎదురు తిరుగుతారు, ఎలా? క్యాన్ నీళ్లు కూడా పంపాలా? మొన్న ఒక బోరులో ఫ్లోరైడ్ 1.1 వచ్చింది, మూయించేద్దామా?

నీటిచుక్క

1.1 మీద బోరు మూయించకండి. ఫ్లోరైడ్‌కు కోరదగిన పరిమితి 1.0, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే పరిమితి 1.5. ముందు ఇంకో రెండుసార్లు చూడండి. కుళాయి నీళ్లుంటే తాగడానికి, వంటకు అవి వాడి, బోరు నీళ్లు గిన్నెలకు, బట్టలకు పెట్టుకోమనండి. క్యాన్ నీళ్లు ఇంట్లో క్యాన్ నుంచి ఒకటి, ప్లాంటు దగ్గర శుద్ధికి ముందు ఒకటి తీయండి. శుద్ధికి ముందు తీసినదే ఆ ప్లాంటు బోరు అసలు స్వభావం చెప్తుంది.

ఊరిమాట

జనం ఎందుకు ఎదురు తిరుగుతారో మీ మొదటి పోస్టులోనే ఉంది. మొదటిసారి ఇచ్చిన రక్తానికి కాగితం ఇంటికి వచ్చిందంటే రెండోసారి మీరు అడగనక్కర్లేదు. ఫలితం తిరిగి రావడాన్ని ఒప్పందంలో మొదటి అంశంగా పెట్టండి: ఎవరి ఫలితం వాళ్లకు, తెలుగులో, మూసిన కవరులో, 30 రోజుల్లోపు. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ వస్తే 30 రోజులు కాదు, అదే వారం ఫోను చేసి, తోడు ఇచ్చి కిడ్నీ డాక్టరు దగ్గరకు పంపాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ఉంది కాబట్టి సర్వే మొదలెట్టకముందే అక్కడివాళ్లతో మాట్లాడి, మీవాళ్లను ఏ రోజు, ఏ ఓపీకి పంపాలో రాయించుకోండి. చూపించే దారి లేకుండా జబ్బుందని చెప్పి వదిలేయడం తప్పు.

మొదటి చుక్క రక్తం తీయకముందే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదవమనండి, సమాజ భాగస్వామ్యం గురించి అందులో ఉంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఊళ్లు కలిస్తే ఒడియాలో కూడా. చదవలేనివాళ్ల వేలిముద్రకు, సర్వే బృందంలో లేని మనిషి సాక్షి సంతకం కావాలి. మిగిలిన సీరమ్‌ను తర్వాత ఇంకో పరిశోధనకు వాడుకోవచ్చా, బయటికి పంపొచ్చా అన్నవి వేరువేరు గడులు. ఒక సంతకంతో అన్నీ కలిపేయనివ్వకండి.

పేర్ల జాబితా, కోడ్‌ల జాబితా వేరువేరు చోట్ల తాళంలో ఉండాలి. మ్యాపు మీద ఇల్లిల్లూ చుక్కలు పెట్టి వాట్సాప్‌లో తిప్పొద్దు. ఉద్దానం ఊరంటే సంబంధాలు వెనక్కి పోతున్నాయన్న బాధ మీకు నేను చెప్పక్కర్లేదు. పత్రికలో, వ్యాసంలో ఊరి పేరు రాయాలా వద్దా అన్నది గ్రామసభ తేల్చాలి. మొత్తం డేటా కాపీ ఒకటి ఊరి కమిటీ దగ్గర ఉంటుందని, వ్యాసం అచ్చుకు వెళ్లకముందు దాని సారం ఊళ్లో చదివి వినిపిస్తారని రాయించుకోండి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఇద్దరు డయాలసిస్ రోగులైనా ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. నికరాగువాలో చిచిగల్పా అనే ఊళ్లో చెరకు కూలీలు ఇదే జబ్బుతో సంఘం పెట్టి, 2008లో ప్రపంచబ్యాంకు ఫిర్యాదుల విభాగానికి వెళ్లారు. కంపెనీ, కూలీలు ఇద్దరూ ఒప్పుకున్న శాస్త్రవేత్తలు, బోస్టన్ యూనివర్సిటీవాళ్లు, పరిశోధన చేశారు. ఆ తర్వాత అక్కడ ఇంకా పనిలోకే వెళ్లని 12 నుంచి 18 ఏళ్ల పిల్లల మూత్రంలో కూడా కిడ్నీ దెబ్బ సూచనలు కనబడ్డాయి. చెరకు పని ఒక్కటే చూసి ఊరుకుంటే అది తెలిసేది కాదు. మీరు కూడా హైస్కూలు పిల్లల సంగతి రెండో దశలో పెట్టుకోండి, తల్లిదండ్రుల సంతకంతో.

లెక్కలపుస్తకం

ఎండ సంగతి ఎవరూ కొలత చెప్పలేదు. ఖరీదైన యంత్రం లేకపోయినా ఒకటి చేయొచ్చు. 100 గ్రాముల తేడా చూపించే కాటా మీద, పనికి ముందూ తర్వాతా, లుంగీ బనీనుతో మాత్రమే, చెమట తుడిచి తూకం వేయండి. ముందు బరువు, దానికి తాగిన నీళ్లు, తిన్న తిండి కలిపి, తర్వాతి బరువు, పోసిన మూత్రం తీసేస్తే పోయిన చెమట వస్తుంది. కిలోకి సుమారు లీటరు. 60 కిలోల మనిషి పని ముగిసేసరికి 1.2 కిలోలు తగ్గాడంటే ఒంటి బరువులో 2 శాతం నీరు లోటుపడింది. జీడి ఏరేవాళ్లు, కొబ్బరి దింపేవాళ్లు, వేటకెళ్లేవాళ్లు, ఒక్కో పనికి 20 మంది, ఏప్రిల్‌లో మూడు రోజులు. అదే మనుషులకు పనికి ముందూ తర్వాతా క్రియాటినిన్ కూడా చేయించగలిగితే ఇంకా మంచిది. ఆ సాయంత్రం రక్తాన్ని పై సర్వే లెక్కలో మాత్రం కలపొద్దు.

ల్యాబ్‌బెంచి

కోడ్ గురించి: సీసాల మీద, ట్యూబుల మీద పేరు వద్దు, ఇంటి నంబరు వద్దు. మామూలు స్కెచ్‌పెన్ సిరా మంచుపెట్టెలో తడికి చెరిగిపోతుంది. నీటికి చెరగని మార్కరుతో రాసి పైన పారదర్శక టేపు చుట్టండి. మూత మీద కాదు, సీసా ఒంటి మీద రాయండి. ల్యాబులో మూతలు మారిపోతాయి.